హీరో చల్లిన పెసలు

ఆదివారం సాయంత్రం ఆఖరి చాలు ముగిసింది. ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్లిపోయాయి. నాగలి పట్టుకుని ఫొటోలు దిగినవాళ్లు చెప్పుల మట్టి దులుపుకుంటూ గుడిసెల వైపు నడిచారు. గుడిసెలనడమే గానీ వాటిలో ఏసీలూ వేడినీళ్ల కుళాయిలూ ఉన్నాయి. పట్నం ఆసామి ఒకాయన ఊరి చివర పొలాలు కొని, చుట్టూ కంచె వేయించి, శని ఆదివారాల్లో జనం వచ్చి సేద్యం చూసి పోయేలా ఏర్పాటు చేశాడు. ఊళ్లో వాళ్లు దాన్ని ఫారం అంటారు.

హీరో నాగలిని పక్కకు పడేసి కాడి విప్పాడు. మెడలు తేలికపడగానే ఎద్దులు రెండూ ఒకేసారి తలలు విదిలించాయి. కొమ్ముల రంగు అతని చొక్కాకి అంటింది. "మేకప్ నాకు పూస్తారేంట్రా!" అంటూ పెద్దోడి మూతి మీద ఒకటిచ్చి, చిన్నోడి గంగడోలు గోకాడు. పెద్దోడూ చిన్నోడూ అంటే ఎద్దులే. కిందటేడు గడ్డి దొరక్క వాటిని ఫారానికి అమ్మేశాడు. తీరా తోలుకెళ్లాక అవి అతను లేనిదే అడుగు తీసి అడుగు వేయలేదు. దాంతో ఫారం వాళ్లు అతన్ని కూడా పనిలోకి పిలిచారు. 'జత ఎద్దులు కొన్నవారికి బావ ఉచితం' అని అతని బావమరిది ఊరంతా చాటింపు వేశాడు. ఫొటోల కోసం దున్నేవాడు కదా, ఆ రోజు నుంచీ ఊరికి అతను హీరో అయ్యాడు.

హీరో వెనక్కి తిరిగి మడి వైపు చూశాడు. కంచె పక్కన మంచం వాల్చినట్టుండే నలుచదరపు మడి అది. వచ్చిన ప్రతి గుంపూ దున్నేది దాన్నే. దున్నిందే దున్ని దున్ని మట్టి జల్లించిన పిండిలా అయిపోయింది. ఇంత దున్నుడూ అయ్యాక అందులో ఒక్క గింజైనా పడిందా అంటే, లేదు. పడితే వచ్చేవారం గుంపు దేన్ని దున్నుతుంది మరి!

"ఏం హీరో, ప్యాకప్పేనా?"

కంచె అవతల ట్రాక్టరు ఆపి బావమరిది పళ్లికిలిస్తున్నాడు.

"ఆఁ, ప్యాకప్పే. నీ సంగతి చెప్పరా. మీ అక్క పొలం చెక్క దున్నడానికి ఎప్పుడొస్తున్నావ్?"

"బావా, ఆ చెక్కలో ట్రాక్టరు తిరగాలంటే ముందు చక్రాలు మీ చెక్కలో ఉంటే వెనక చక్రాలు పక్కోళ్ల చెక్కలో ఉంటాయి. వాన పడనీ, చూద్దాంలే."

"వాన పడితే నువ్వు పెద్ద పొలాలకి పరిగెడతావ్."

"తెలిసి కూడా అడుగుతావేం మరి?" అని నవ్వేసి బావమరిది పొగ వదులుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలో కూర్చుని చేటలో పెసలు చెరుగుతోంది. ఎగరేసిన గింజ ఒక్కటి కూడా నేల మీద పడడం లేదు. ఆ చెక్క ఆమె పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. ఉన్నది గోచీగుడ్డంత. కానీ ఏడాది పొడుగునా ఇంట్లో పప్పు డబ్బా నిండేది, సంచిలో పోసి వారం సంతకి వెళ్లేది దాని మీదే.

"తమ్ముడేమన్నాడు?"

"చూద్దామన్నాడు."

"వాడి చూద్దాం తగలెయ్య! ఏమయ్యా, మన ఎద్దుల్నే ఒక్క పూట అడగలేవా?"

"మన ఎద్దులేంటే? అమ్మేశాం కదా."

"అమ్మితే? పొద్దున ఫారం దారిన పోతుంటే పెద్దోడు నన్ను చూసి అరిచాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లందరూ వాటితో దున్నొచ్చు గానీ నేను దున్నకూడదా? కంచెకి అటుపక్క గింజ పడని మడిని అదే పనిగా గోకుతున్నారు. ఇటుపక్క నా చెక్క నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. ఇదేం న్యాయమయ్యా?"

న్యాయం సంగతి హీరోకి తెలియదు గానీ, ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమీ కనబడలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి మేనేజరమ్మని అడిగాడు. ఆ పిల్ల పట్నం నుంచి వచ్చింది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తాళాల గుత్తి పట్టుకుని పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటుంది. మంచిదే. అతనికి టీ ఇవ్వకుండా తను తాగదు.

"ఎద్దుల్ని గేటు దాటించొద్దని సారు గట్టిగా చెప్పారు పెద్దాయనా. బయట వాటి కాలికి ఏ మేకో గుచ్చుకుంటే నన్ను నిలదీస్తారు," అంది బాధగానే. "ఈ ఒక్కటీ అడక్కండి. ఇంకేదైనా అడగండి."

ఇంకేం అడుగుతాడు? టీ తాగి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే వాన పడింది. గాలీ గోలా లేకుండా, పెళ్లిలో కొసరి కొసరి వడ్డించినట్టు తీరిగ్గా కురిసి, సాయంత్రానికి వెలిసింది. మంగళవారం తెల్లవారేసరికి ఊళ్లో మగవాళ్లంతా పొలాల్లో ఉన్నారు. ఎవరిని చూసినా వంగి, పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి, వదిలి చూస్తున్నారు. ఉండ కట్టి, కింద పడగానే పొడిపొడిగా విడిపోవాలి. అదీ పదునంటే. పదును చుట్టం లాంటిది. వచ్చినప్పుడు పీట వేయకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

భార్య పెసల మూట అతని చేతికిచ్చింది. "నా తమ్ముడి ట్రాక్టరు కాలవ దగ్గరుంది. ఇది వాడి ఒళ్లో పడేసి, మధ్యాహ్నం లోపల దున్ని చల్లకపోతే అక్కన్న మాట మర్చిపొమ్మని చెప్పు. ఎక్కడా ఆగకు."

"ఎక్కడాగుతానే?" అన్నాడు హీరో.

కానీ దారిలో ఫారం ఉంది. ఎద్దులకి కుడితి పెట్టి పోదామని లోపలికి వెళ్లాడు. మంగళవారం కాబట్టి జనం లేరు. ఎద్దులు తాగుతుంటే ఊరికే మడి గట్టు మీద నిలబడ్డాడు. ఊరికే వంగాడు. ఊరికే పిడికెడు మట్టి తీశాడు. ఉండ కట్టింది. వదిలాడు. పొడిపొడిగా రాలింది.

అబ్బ, ఏం పదును! అన్నిసార్లు దున్నిన మట్టి ఆ వాననంతా ఒక్క చుక్క పోనివ్వకుండా లోపల దాచుకుంది. అడుగు పెడితే కాలికి తెలుస్తోంది. ముక్కుకి తెలుస్తోంది. ఇలాంటి నేల తన జన్మలో చూడలేదు. ఇంత నేలా శనివారం దాకా ఎండిపోయి, ఎవరో వచ్చి ఫొటో కోసం గీకి పోతారా?

ఆ తరవాత జరిగింది తను చేశాడో తన చెయ్యి చేసిందో అతను ఈనాటికీ తేల్చి చెప్పలేడు. మూట ముడి విడింది. ఎడమ చంక కిందకి ఒడి వచ్చింది. కుడి చెయ్యి ఒళ్లోకి వెళ్లి, గుప్పెడు తీసి, వేళ్ల సందుల్లోంచి అర్ధచంద్రంలా విసిరింది. అడుగుకో విసురు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆఖరి గుప్పెడు చల్లాక గానీ ఒడి ఖాళీ అయిందని తెలియలేదు. విత్తాక కప్పకుండా వదిలేస్తారా ఎవరైనా? ఎద్దుల్ని కట్టి, గుంటక తోలి, మన్ను పైకి సర్దేశాడు. అప్పుడే అటు వచ్చిన మేనేజరమ్మ బొటనవేలు పైకెత్తి చూపించింది.

"సెలవు రోజు కూడా ప్రాక్టీసా పెద్దాయనా? సూపర్!"

అప్పుడు తెలివొచ్చింది హీరోకి. చేతిలో ఖాళీ గుడ్డ ఉంది. మడి ఫారానిది, పెసలు భార్యవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పెళ్లాం విత్తనాలు పట్నం ఆసామి నేలకి ధారపోశాడు. ఓరి దేవుడా, ఇప్పుడు ఇంటికెళ్లడం ఎలాగ?

వెళ్లక తప్పలేదు.

"ఇచ్చావా?" అంది భార్య.

"చల్లేశాను."

"నువ్వా? మన చెక్క దున్నకుండా ఎలా చల్లావ్?"

"మన చెక్కలో కాదు."

ఆవిడ చేస్తున్న పని ఆపింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. పదును గురించి చెప్పాడు, ఉండ కట్టి రాలడం గురించి చెప్పాడు, మధ్యలో చేతులు తిప్పి విసురు కూడా చూపించాడు. అంతా విన్నాక ఆవిడ ఒక్క మాటా అనలేదు. కంచం తెచ్చి అతని ముందు పెట్టి అవతలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిడితే ఒక పూట, మాట్లాడకపోతే వారం.

బుధవారం మాట లేదు. గురువారం మళ్లీ ఒక జల్లు పడింది. అప్పుడూ మాట లేదు. బావమరిది ట్రాక్టరు రాత్రీ పగలూ పెద్ద పొలాల్లోనే తిరుగుతోంది. విషయం మాత్రం ఎలా తెలిసిందో, దారిలో కనబడి, "బావా, సినిమాలో సినిమా తీశావట కదా!" అని నవ్వాడు. హీరో తల వంచుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున మడి దగ్గరకు వెళ్లేసరికి మొలకలు వచ్చి ఉన్నాయి. నేల బిగువుని నెట్టుకుంటూ, మెడలు వంచి, నెత్తి మీద ఇంకా పొట్టు టోపీలు పెట్టుకుని ఎక్కడ చూసినా మొలకలే. ఒక్క గింజ వృథా పోలేదు. హీరో గట్టు మీద గొంతుక్కూర్చుని పిచ్చివాడిలా నవ్వుకున్నాడు. ఎన్నాళ్లయింది తను చల్లినది మొలవడం చూసి!

మేనేజరమ్మ వచ్చి నిలబడింది. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"ఇదేంటి పెద్దాయనా! రేపు ఆఫీసు వాళ్ల పెద్ద గుంపు వస్తోంది. దున్నడానికే వస్తున్నారు."

"ఇంకో చోట దున్నిద్దాం మేడమ్."

"ఇంకో చోట ఏముంది? అంతా పచ్చిక, పూలమొక్కలు, స్విమ్మింగ్ పూలు. పూల్లో దున్నిస్తారా?" ఆవిడ గొంతు తగ్గించింది. "చూడండి, సారుకి ఎద్దుల మేత ఖర్చు ఇప్పటికే కంట్లో నలుసులా ఉంది. దున్నుడు లేకపోతే ఎద్దులెందుకు, అమ్మేయమంటారు. మీకు చెప్పడం నాకూ ఇష్టం లేదు. రేపు పొద్దున మామూలుగా దున్నేయండి. చిన్న మొక్కలే కదా."

చిన్న మొక్కలే. మొలకల మీద నాగలి పెట్టడమా? పెట్టకపోతే పెద్దోడూ చిన్నోడూ ఏ సంతకి పోతారో, అక్కణ్నించి ఎక్కడికి పోతారో. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని, మాట్లాడని భార్యకే చెప్పుకున్నాడంతా. "బాగా మొలిచాయే," అన్నాడు చివర్లో. "నీ విత్తనం మంచిది." ఆవిడ గరిటె ఒక్క క్షణం ఆగింది. అంతే.

శనివారం రెండు బస్సులు వచ్చాయి. ఒకే రంగు బనియన్లు వేసుకున్న ఆడా మగా దిగి, ఒకరినొకరు తోసుకుంటూ కేరింతలు కొడుతూ మడి చుట్టూ చేరారు. హీరో ఇస్త్రీ చేసిన తలపాగా పెట్టుకున్నాడు. ఎద్దుల్ని కట్టాడు. నాగలి తెచ్చి మడి మొదట్లో దింపాడు. ఫోన్లన్నీ లేచాయి. కర్రు ముందు జానెడు దూరంలో మొలక ఒకటి పొట్టు టోపీ అప్పుడే కిందపడేసి, రెండాకులూ విప్పి చూస్తోంది.

హీరో నాగలి ఎత్తేశాడు.

"ఏమైంది?" అంది మేనేజరమ్మ, నవ్వు చెరగకుండా పళ్ల మధ్య నుంచి.

"కర్రు సరిగ్గా లేదు మేడమ్." వంగి సరిచేసినట్టు చేసి మళ్లీ దింపాడు. మళ్లీ ఎత్తాడు. పెద్దోడు వెనక్కి తిరిగి, ఏంట్రా నీ బాధ అన్నట్టు చూశాడు.

"నా పెసల మీద నాగలి పెట్టావో, చూడు మరి!"

ఆ గొంతు కంచె అవతల నుంచి వచ్చింది. నాలుగు రోజుల మౌనం ఒక్కసారిగా పగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. భార్య చీర కుచ్చిళ్లు ఎగదోపి, నెత్తిన చిన్న మూట పెట్టుకుని నిలబడి ఉంది. గుంపంతా అటు తిరిగింది.

"అమ్మా, మీరెవరు?" అంది మేనేజరమ్మ.

"ఆ పెసలు నావి. చల్లిన బుద్ధిమంతుడు నావాడు. నేలొకటే మీది తల్లీ. మొలిచినదాన్ని దున్నే పాపం మీకెందుకు?" అని, బనియన్ల వాళ్ల వైపు తిరిగింది. "ఏం బాబూ, దున్నాలనుందా మీకు?"

"ఉంది!" అన్నారు ముక్తకంఠంతో.

"అయితే ఆ దున్నేదేదో నాకు దున్నిపెట్టండి. అదిగో, ఆ మలుపులోనే నా చెక్క. గట్టిగా ఉంటుంది, ముందే చెబుతున్నా. దున్నాక విత్తడం కూడా ఉంది. ఒంట్లో బద్ధకం ఉన్నవాళ్లు రాకండి."

గుంపులో లావుపాటి పెద్దమనిషి ఒకాయన అందరికంటే ముందు ప్యాంటు మోకాళ్లకి మడిచాడు. "వెళ్దామా?" అన్నాడు మేనేజరమ్మతో. ఆవిడ ఫోను వైపు చూసింది, మొలకల వైపు చూసింది, ఎద్దుల వైపు చూసింది. ఆ పిల్ల పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. చివరికి కళ్లు మూసుకుని తాళాల గుత్తి తీసి, "కాళ్లు జాగ్రత్త! ఎద్దుల కాళ్లే నేను చెప్పేది!" అని అరుస్తూ గేటు తీసింది.

గేటు దాటాక హీరో పగ్గం లాగలేదు, అదిలించనూ లేదు. ఎద్దులు తమంతట తామే ఎడమకి తిరిగాయి. కాలిబాట దాటి, ముళ్లకంప పక్కన ఒదిగి నడిచి, నేరుగా ఆ చెక్క మొదట్లోకి వెళ్లి నిలబడ్డాయి. దారి మర్చిపోలేదు వెధవలు! హీరోకి కళ్లు చెమర్చాయి. తలపాగా ఊడదీసి మొహం తుడుచుకుని, దాన్ని కంప మీద పడేశాడు.

ఆ తరవాత అక్కడ జరిగిన సేద్యం ఆ ఊరు ఎన్నడూ చూసి ఉండదు. లావుపాటాయన నాగలి పట్టుకుంటే చాలు, అది ఉత్తరానికి బయల్దేరి తూర్పున తేలింది. కళ్లజోడు పిల్ల మేడి మీద బరువు వేయలేక తనే నాగలి మీద కూర్చోబోయింది. హీరో పక్కనే పరిగెడుతూ, "నొక్కండి, నొక్కండి, అంత నొక్కకండి!" అని అరిచాడు. భార్య నాగలి వెనకాల ఆడవాళ్లని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి గుప్పిట్లో పెసలు పోసింది.

హీరో నోరెళ్లబెట్టాడు. "ఈ విత్తనం ఎక్కడిదే?"

"మొత్తం విత్తనం ఒక్కసారే నీ చేతిలో పెడతానా? నీతో కాపురం కొత్తా నాకు?" అంది ఆవిడ. అని మొహం అటు తిప్పుకుంది గానీ, నవ్వడం అతనికి కనబడింది.

"చాల్లో వేయమ్మా, చాల్లో! కోళ్లకి వేసినట్టు చల్లకు!" అని ఎవరినో కసిరింది. కసురు తిన్న అమ్మాయి పగలబడి నవ్వుతూ వంగి, ఒక్కో గింజా ఏరి చాల్లో వేసింది. చివరి చాలు అయ్యేసరికి అందరి మోకాళ్లకీ మట్టి, అందరి చేతులకీ బొబ్బలు. చాళ్లు మాత్రం పాములు పారాడినట్టున్నాయి. లావుపాటాయన గట్టు మీద చతికిలబడి ఆయాసపడుతూ అడిగాడు:

"ఎప్పుడు మొలుస్తాయండీ? మొలిచినప్పుడు ఫొటో పంపిస్తారా?"

"ఫొటో ఏంటి బాబూ, మీరే వచ్చి చూసుకోండి. కలుపు కూడా తీయాలిగా," అంది భార్య.

ఫారంలోకి తిరిగి వచ్చేసరికి మేనేజరమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. అవతల ఆసామి. హీరో ఎద్దుల మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆవిడ మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు. "సార్... అవును సార్, గేటు బయటే... కొమ్ముల రంగు పోయింది సార్... లేదు, కాళ్లు బాగానే ఉన్నాయి... గుంపంతానా సార్? మళ్లీ వస్తామన్నారా?" ఫోను పెట్టేసి, ఊపిరి పీల్చుకుని, హీరో వైపు నడిచింది.

"ఆఫీసు వాళ్ల పెద్దాయనే సారుకి ఫోన్ చేశారట. కలుపు తీతకి అందరూ మళ్లీ వస్తారట." ఆవిడకే నమ్మకం కుదిరినట్టు లేదు. "రేపటి గుంపుని కూడా బయటికే తీసుకెళ్లమన్నారు సారు. ఎవరి చేనైనా ఉందా పెద్దాయనా, దున్నాల్సింది?"

హీరో గట్టిగా నవ్వాడు. "ఉందా ఏంటి మేడమ్! ట్రాక్టరు తిరగని చెక్కలు ఊరి నిండా ఉన్నాయి. మరి, ఎద్దులో?"

"ఎద్దులు ఎక్కడికి పోతాయి? ఇంత పనుండగా?" అని, ఒక అడుగు వేసి ఆగి, మడి వైపు చూసింది. "ఇవి కాయలు కాస్తాయా?"

"కాయకేం చేస్తాయి!"

"అయితే కోసేదాకా దీని జోలికి ఎవరూ రారు. కోసేది మీ ఆవిడేలెండి, విత్తనం ఆవిడది కదా."

సాయంత్రం హీరో ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే ఊళ్లో పాకి, వాకిట్లో అరడజను మంది ఉన్నారు. బావి పక్క చెక్క ఉన్న ముసలావిడ, వాలు మీద నేలున్న కుండలాయన, ఇంకా వాళ్లూ వీళ్లూ. అందరికీ పదును ఆరిపోతుందనే తొందర. భార్య గుమ్మంలో కూర్చుని, ముందు ఎవరి చెక్క, తరవాత ఎవరి చెక్క అని పంచాయతీ తీరుస్తోంది. చాళ్లు వంకరగా ఉంటాయని ఆవిడ ముందే హెచ్చరిస్తుంటే, "వంకరైతే మాత్రం పెసలకి తెలుస్తుందా అమ్మాయ్?" అంది ముసలావిడ.

అందరూ వెళ్లాక, చీకటి పడకముందే ట్రాక్టరు వచ్చి ఆగింది. బావమరిది చేతిలో మూటతో దిగి, వాకిట్లో నిలబడి, తల గోక్కున్నాడు.

"బావా..."

"ఏంట్రా?"

"ఆ వాగు ఒడ్డున నాకో చిన్న ముక్కుంది కదా. ట్రాక్టరు పెడితే దిగబడిపోతోంది. రేపు నీ ఎద్దులతో, ఆ బస్సోళ్లతో..."

హీరో తీరిగ్గా కుక్కిమంచం మీద వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. ఈ రోజు కోసమే పుట్టినట్టుంది అతనికి.

"కాల్షీట్లు ఖాళీ లేవురా."

బావమరిది దీనంగా అక్క వైపు చూశాడు. ఆవిడ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని, తమ్ముడి చేతిలోంచి విత్తనాల మూట లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"ఆయన మాటలకేం గానీ, నీ ముక్క వచ్చే శనివారం. విత్తనం మాత్రం నా దగ్గరుండనీ. మీ బావ చేతికిచ్చావంటే దారిలో ఎక్కడ పదును కనబడితే అక్కడ చల్లేస్తాడు."